సభ మెప్పు ఎవరి మెప్పు?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. ఈ సామెత ఊళ్లో ఉన్నవాడు పుట్టించింది. ఊరవతల ఉన్నవాడు తరతరాలుగా మంచి నోటితోనే మాట్లాడాడు. అయ్యా అన్నాడు, దొరా అన్నాడు, నీ బాంచెన్ కాల్మొక్తా అన్నాడు. ఊరు మంచిదయిందా? కాలేదు. వాడు గొంతు పెంచిన రోజునే ఊరు ఉలిక్కిపడి వాడివైపు తిరిగింది.

ఇప్పుడా పాత సామెతకే కొత్త చొక్కా తొడిగి మన రచయితల మీదికి తోలుతున్నారు. సాహిత్య సభల్లో, చర్చా వేదికల మీద, పుస్తకాల పండుగల్లో రచయిత సభికులను ఎట్లా మెప్పించాలో సలహాలు పంచుతున్నారు. చిరునవ్వుతో మొదలుపెట్టమంటారు. చేదు మాట వద్దంటారు. సొంత బాధ ఒకటి చెప్పి కళ్లు తడిపించమంటారు. మధ్యలో ఒక జోకు వేయమంటారు. చివర్న ఆశ గురించి రెండు ముక్కలు చెప్పి దిగిపొమ్మంటారు. యాస కాస్త తగ్గించుకోమంటారు. రెండు ఇంగ్లీషు మాటలు కలిస్తే మరీ మంచిదంటారు.

మేము ఒక్కటే అడుగుతున్నాం. ఎవర్ని మెప్పించడానికి? సభ అంటే ఎవరు? ముందు వరసలో కుర్చీల మీద కూర్చున్న పదిమందా? వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వందమందా? సభకే రాలేక, కూలికి పోయి, తమ బతుకు గురించి ఎవరో ఎక్కడో మాట్లాడుతున్నారని కూడా తెలియని లక్షలమందా? ఈ లెక్క తేల్చకుండా మెప్పు గురించి మాట్లాడేవాడి మాట మనకు పనికిరాదు.

సభలో బాగా మాట్లాడటం అక్కర్లేదని మేము అనడం లేదు. బాగా మాట్లాడాలి. గొంతు వణక్కుండా, మాట తడబడకుండా, విన్నవాడు ఇంటికి పోయి నలుగురికి చెప్పేటట్టు మాట్లాడాలి. అదొక విద్య. ఆ విద్య మనకు కావాలి. అయితే దాన్ని ఎవరి దగ్గర నేర్చుకోవాలి, దేనికి వాడాలి అన్నదే తగాదా.

కుర్చీల్లోనే కులం ఉంది

బడిలో వెనక బెంచీ, హోటల్లో వేరే గ్లాసు మన పెద్దలకు తెలుసు. సాహిత్య సభలో వేరే గ్లాసు ఉండదు. అక్కడ కులం మర్యాదగా కూర్చుంటుంది. ఎట్లాగో చూడండి.

రెండు రోజుల సభ. తొలిరోజు పొద్దున 'కవిత్వం' మీద గోష్ఠి. వేదిక మీద నలుగురు కవులు. అందులో మనవాడు లేడు. మధ్యాహ్నం 'కథ' మీద గోష్ఠి. అందులో మన ఆడపడుచు లేదు. రెండో రోజు భోజనాలయ్యాక, సభికుల కళ్లు మూతలు పడే వేళ, 'దళిత సాహిత్యం' మీద గోష్ఠి. అక్కడ మాత్రం మనవాళ్లు అయిదుగురిని ఒకే బెంచీ మీద ఇరికిస్తారు. అంటే వాళ్లు రాసేది కవిత్వం, మనం రాసేది దళిత కవిత్వం. వాళ్లది కథ, మనది గోడు. పొద్దున మాట్లాడినవాడికి ఇరవై నిమిషాలు. మనకు తలా ఏడు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు పరిచయానికే పోతాయి. నాలుగో నిమిషానికి అధ్యక్షులవారు చీటీ పంపుతారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేవాడు మనవాడు కాదు, కూర్చున్నది కడబంతి. ఇక ఆకులో ఏం పడుతుంది?

అడిగే ప్రశ్నలు కూడా చూడండి. పక్క రచయితను నీ వాక్యం ఎట్లా కుదిరింది, నీ పాత్ర ఎక్కడ దొరికింది అని అడుగుతారు. మనల్ని మాత్రం మీ చిన్నప్పుడు ఏమేం అవమానాలు పడ్డారని అడుగుతారు. వాళ్లకు కావలసింది రచయిత కాదు, గాయం. చొక్కా విప్పి మచ్చ చూపిస్తే అయ్యయ్యో అంటారు, చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. ఆ శాలువా మచ్చను కప్పడానికే. పొరపాటున ఆ దెబ్బ కొట్టిన చెయ్యి ఎవరిదో పేరు పెట్టి చెప్పామా, 'ఇంకా ఇంత కోపం దేనికండీ, కాలం మారింది కదా' అని అదే నోళ్లు అంటాయి.

మన గురించి మాట్లాడటానికి మనమే ఉండాలన్న నియమం కూడా వాళ్లకు లేదు. 2013 జనవరి 26న, గణతంత్ర దినం నాడు, జైపూర్ సాహిత్య ఉత్సవంలో ఆశిష్ నందీ అనే పేరున్న మేధావి అవినీతి మీద మాట్లాడుతూ, అవినీతిపరుల్లో ఎక్కువమంది ఓబీసీల నుంచీ ఎస్సీల నుంచీ, ఇప్పుడు ఎస్టీల నుంచీ కూడా వస్తున్నారన్నాడు. ఆ వేదిక మీదే ఒక జర్నలిస్టు తప్పుపట్టాడు. గొడవయింది, కేసు నమోదయింది, ఫిబ్రవరి 1న సుప్రీంకోర్టు అరెస్టు ఆపింది. తన మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని, పేదల పక్షానే అన్నానని ఆయన వివరణ ఇచ్చుకున్నాడు. అట్లాగే అనుకుందాం. పండితుడి చమత్కారం గురి తప్పితే తగిలేది ఎవరికి? ఆ పందిట్లో ఉన్నవాళ్లకా, బయట ఉన్నవాళ్లకా? సభను మెప్పించాలనే యావలో పుట్టే చమత్కారానికి ఉన్న గుణమే ఇది. అది ఎదురుగా లేనివాళ్ల వీపు మీదే పడుతుంది.

మనవాళ్లు సభల్లో ఏం చేశారు?

మనకు ఈ విద్య కొత్తా? కాదు. చరిత్ర తిరగేయండి.

1885లో పూణేలో మరాఠీ గ్రంథకర్తల సభ పెట్టారు. మహాదేవ గోవింద రనడే వంటి పెద్దలు పూనుకున్న సభ. జ్యోతిరావు ఫూలేకు పిలుపు వచ్చింది. ఫూలే పోలేదు. ఉత్తరం రాశాడు. తోటి మనుషులకు మనిషి హక్కులు ఇవ్వడానికి మనసొప్పని వాళ్ల సభలూ పుస్తకాలూ మా సభలతో, మా పుస్తకాలతో కలవవు అని ఆ ఉత్తరం సారం. ఆ సభలో ఎవరు ఎంత గొప్పగా ఉపన్యసించారో ఈనాడు ఎవరికి గుర్తుంది? పోనివాడి ఉత్తరం మాత్రం మిగిలింది. వేదిక ఎక్కడమే కాదు, ఎక్కకపోవడం కూడా ఒక ఉపన్యాసమే. కానీ అది అలిగి ఇంట్లో కూర్చోవడం కాదు. ఎందుకు రావడం లేదో రాసి అచ్చు వేయడం.

1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ అని తలపెట్టారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడిగా వచ్చాడు. పంచములు అనే పేరే మాకు సమ్మతం కాదు, ఈ నేలకు మేమే మొదటివాళ్లం, మేము ఆది ఆంధ్రులం అన్నాడు. సభ పేరే మారిపోయింది. ఉపన్యాసం సంగతి తరవాత, ముందు బ్యానరు మీది రాత మార్పించాడు. మన రచయితలు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. పేరు ఎవడు పెడితే సభ వాడిది.

గుర్రం జాషువ సంగతి చూడండి. వినుకొండలో అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని అవమానించారు. అదే జాషువ కాలికి తరవాతి కాలంలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గండపెండేరం తొడిగాడు. ఈ రెంటి మధ్య జాషువ ఏం చేశాడు? తగ్గాడా? బతిమాలాడా? లేదు. పని నేర్చాడు. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూగ సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కనుంచి కథా మాటలూ గొంతెత్తి చదివే ఉద్యోగం. టిక్కెట్టు కొన్న జనాన్ని గొంతుతో కూర్చోబెట్టే పని. ఆ గొంతుతోనే పద్యం చదివాడు. వాళ్ల ఛందస్సునే పట్టుకుని 'గబ్బిలం'లో వాళ్ల దేవుణ్ణే నిలదీశాడు. మెప్పించాడు, నిజమే. ప్రశ్నను మింగేసి మాత్రం మెప్పించలేదు.

ఇక బాబాసాహెబ్ అంబేడ్కర్. 1936లో లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా పిలిచారు. వాళ్లు కులం పోవాలనే సంస్కర్తలే. ఉపన్యాసం ముందుగా తెప్పించుకుని చదివి కంగారుపడ్డారు. శాస్త్రాల జోలి వద్దన్నారు, హిందువుగా ఇదే నా ఆఖరి ఉపన్యాసం అన్న మాట తీసేయమన్నారు. బాబాసాహెబ్ కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. ఆయన ఏం చేశాడు? సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేశాడు. రెండు నెలల్లో అయిపోయాయి. గాంధీ తన పత్రికలో జవాబు రాయాల్సి వచ్చింది. దానికి బాబాసాహెబ్ మళ్లీ జవాబు రాశాడు. జరగని సభలో ఇవ్వని ఉపన్యాసం 'కులనిర్మూలన' పేరుతో ఇవ్వాళ పల్లెపల్లెనా ఉంది. జరగకుండా పోయిన ఆ సభ గురించి మనకు తెలిసింది కూడా ఈ పుస్తకం వల్లనే.

ఆ ఉపన్యాసం చదివినవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అందులో ఏడుపు లేదు. ఎదుటివాడు ఏమేం అనబోతాడో ముందే ఊహించి, కులం పని విభజనే కదా అనేవాడికొక జవాబు, రక్తశుద్ధి అనేవాడికొక జవాబు, ముందు ఆర్థిక సమానత్వం తరవాతే కులం అనే సోషలిస్టుకొక జవాబు వరసగా పెట్టుకుంటూ పోయాడు. కోపం ఉంది. ఆ కోపం లెక్క రాసినట్టు ఉంది. అదీ తయారీ అంటే.

1958లో బొంబాయిలో తొలి దళిత సాహిత్య సమ్మేళనం. మాట్లాడటానికి లేచినవాడు అన్నాభావు సాఠే. మాంగ్ కులంలో పుట్టినవాడు, బడి మొహం సరిగా చూడనివాడు, బొంబాయిలో కూలి పనులు చేసినవాడు. ఈ భూమి ఆదిశేషుడి పడగ మీద లేదు, దళితుల, కష్టజీవుల అరచేతుల మీద ఉంది అన్నాడు. అంతే. సిద్ధాంత గ్రంథం చెప్పాల్సింది ఒక్క మాటలో చెప్పాడు. ఎట్లా చెప్పగలిగాడు? ఆదిశేషుడి కథ అక్కడున్న ప్రతి ముసలమ్మకూ తెలుసు. తెలిసిన కథనే చేతిలోకి తీసుకుని తలకిందులు చేశాడు. అరచేతి మీద కాయలు అక్కడున్న ప్రతి కూలీకీ ఉన్నాయి. ఇల్లు చేరేటప్పుడు ఎవడి అరచెయ్యి వాడు చూసుకుని ఉంటాడు. సభను మెప్పించడం అంటే మా లెక్కలో ఇది.

మాటకు ధర కట్టిన రోజులూ ఉన్నాయి. 1973 నవంబరులో మైసూరులో కర్ణాటక మంత్రి బి. బసవలింగప్ప కన్నడ సాహిత్యంలో చాలా భాగం 'బూసా' అన్నాడు. బూసా అంటే పశువుల దాణా. ఒక్క మాటకు రాష్ట్రం అట్టుడికింది. దళిత విద్యార్థుల మీద దాడులు జరిగాయి. ఆయన మంత్రి పదవి పోయింది. ఆ గొడవలోంచే కర్ణాటక దళిత సంఘర్ష సమితికి దారి పడింది. మలం మోసే పనిని మానిపించడానికి పూనుకున్న మంత్రి ఆయన. చప్పట్లు కావాలనుకుంటే ఆ మాట అనేవాడే కాదు.

మన ఉపాధ్యాయులు ఎవరు?

సభను పట్టి ఉంచే విద్య ఎవరో కొత్తగా నేర్పుతామంటే మాకు నవ్వొస్తుంది. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా ఊరిని కూర్చోబెట్టిన చిందు భాగోతం ఎవరిది? నిజామాబాదు జిల్లా చిందు ఎల్లమ్మ ఏ గోష్ఠిలో నేర్చింది? పటం విప్పి, కిన్నెర మీటి, ఈ లోకానికి ముందు జాంబవుడే పుట్టాడని జాంబపురాణం చెప్పిన డక్కలి కళాకారుడికి ఎవరు పాఠం చెప్పారు? డప్పు మీద దరువు మారితే చావో, పెళ్లో, జాతరో ఊరంతా పోల్చుకుంటుంది. మాట లేకుండానే కబురు చేర్చిన జాతి మనది.

వాళ్లు ఎట్లా చేశారో చూడండి. ఎవరి ముందు ఆడుతున్నారో వాళ్లకు తెలుసు. ఆ ఊరి పేరు, ఆ ఊరి గొడవ, ఆ ఏటి కరువు కథలోకి లాక్కొచ్చారు. పిల్లలు నిద్రకు తూగుతుంటే హాస్యగాణ్ణి దించారు. ఏడిపించే ఘట్టం ఎంతసేపు ఉండాలో, ఎక్కడ తెంపాలో కొలతగా తెలుసు. జనం మొహం చూసి ఆట మార్చారు, కథ మాత్రం మార్చలేదు. ఇది నేర్చుకోండి. కాగితంలోంచి తల ఎత్తకుండా నలభై నిమిషాలు చదివే పండితుడి దగ్గర నేర్చేది ఏమీ లేదు.

అయితే ఒక నిజం కూడా చెప్పాలి. మెప్పు కడుపు నింపదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి. కిన్నెరను పొగిడిన నోళ్లు ఆ ఇంటి పొయ్యి సంగతి అడగలేదు. కాబట్టి చప్పట్లను చప్పట్లుగానే తీసుకోండి. వాటిని కూలి అనుకోవద్దు, న్యాయం అని అసలే అనుకోవద్దు.

మన వేదికల సంగతి

పరాయి సభను తిట్టి మన పందిట్లో ఏం జరుగుతున్నదో చెప్పకపోతే అది సగం నిజం. ఏప్రిల్ 14న మన వాడల్లో జరిగే సభలు చూడండి. ఆరింటికి సభ అంటారు, ఎనిమిదిన్నరకు మొదలు. వేదిక మీద ఇరవై మంది, కింద ముప్పై మంది. గంటసేపు దండలు. ఆ తరవాత మైకు పట్టిన నాయకుడు రెండు గంటలు వదలడు. హెజిమనీ అంటాడు, డిస్కోర్సు అంటాడు. పొద్దంతా నాట్లేసి వచ్చిన అక్క ఆ మాటలకు ఏం కావాలి? ఒళ్లో పిల్ల నిద్రపోయింది, ఆమె లేచిపోయింది. మళ్లీ ఆమె చైతన్యం లేనిదని మనవాడే అంటాడు!

ఆడవాళ్లకు మన వేదిక మీద ఏం మిగులుతున్నది? స్వాగతం పాట, వందన సమర్పణ. గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' 2003లోనే వచ్చింది. దళిత స్త్రీలు ఎంతమంది, ఎంత కాలంగా రాస్తున్నారో ఆ ఒక్క పుస్తకం చాలు చూపించడానికి. అయినా ఇన్నేళ్ల తరవాత కూడా ఆడమనిషికి మైకు ఇచ్చేసరికి రాత్రి పదకొండు. ఊరివాడు మనకు కడబంతి వేస్తే అన్యాయం. మనం మన ఆడవాళ్లకు కడబంతి వేస్తే అది మాత్రం ఏమిటి?

చేయాల్సిన పని

మాటలు చాలు. రేపు వేదిక ఎక్కబోయే మన రచయితలకు, వాళ్లను పంపబోయే సంఘాలకు మేము చెప్పేది ఇదీ.

ఒకటి. పిలుపు రాగానే తల ఊపకండి. అంశం ఏమిటి, దానికి ఆ పేరు ఎవరు పెట్టారు, పక్కన ఎవరు, అధ్యక్షుడు ఎవరు, ఎన్ని నిమిషాలు, దారి ఖర్చులు ఎవరివి అని అడగండి. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చే రచయిత దారి ఖర్చు అడగడం చిన్నతనం కాదు. కవిత్వం గోష్ఠిలో ఎందుకు పిలవలేదో కూడా అడగండి. జవాబు నచ్చకపోతే ఫూలే చేసినట్టు కారణం రాసి పంపండి.

రెండు. రాసుకుని పోండి. పది నిమిషాలంటే తొమ్మిదిలో ముగించేటట్టు కత్తిరించండి. పోయేముందు వాడలో నలుగురిని కూర్చోబెట్టి చదివి వినిపించండి. చదువురాని పెద్దమ్మకు ఏ ముక్క అర్థం కాలేదో ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాయండి. మైకుకు బెత్తెడు దూరంలో నిలబడండి. కాగితం మొహానికి అడ్డం పెట్టుకోవద్దు. వెనక వరసలో చివరి మనిషిని చూసి మాట్లాడండి.

మూడు. పొగడ్తలతో పొద్దుపుచ్చకండి. 'ఈ మహాసభలో నాలాంటి అల్పుడికి అవకాశం' అనే మాట నోటి వెంట రానీయొద్దు. అవకాశం ఎవడూ దానం చేయలేదు. కారంచేడు నెత్తుటిలోంచి, చుండూరు కాలువలోంచి, 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' పేజీల్లోంచి నడిచి వచ్చిన చోటు అది.

నాలుగు. గాయం అమ్మకండి, వాస్తవం చెప్పండి. చుండూరు గురించి చెప్పాలా? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ మూడు వాక్యాలు నిదానంగా చెప్పి ఆగండి. ఏడవక్కర్లేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించడం సభ వంతు. ఇంకో మాట. బతికున్న బాధితురాలి కథ ఆమె ఒప్పుకోకుండా వేదిక మీద చెప్పొద్దు. ఆమె బాధ మన ఉపన్యాసానికి దినుసు కాదు.

అయిదు. మీ పని గురించి చెప్పండి. మీ కథ ఎట్లా కట్టారు, ఏ మాట ఎందుకు వాడారు చెప్పండి. లంద, ఆరె, రంపె అనే మాటలు ఏ పండితుడి పుస్తకంలో ఉన్నా లేకపోయినా మన నాలుక మీద ఉన్నాయి. తంగేడు చెక్కతో తోలు ఎట్లా ఊనుతుందో చెప్పగలిగినవాడికి సాహిత్యం గురించి చెప్పడానికి ఏం తక్కువ? యాస సరిచేసుకోమంటే, సరిచేసుకోవాల్సింది మీ చెవి అని చెప్పండి.

ఆరు. ప్రశ్నకు తయారుగా ఉండండి. 'ముందు మీలో మీరు మాల మాదిగ తగాదా తేల్చుకోండి' అని ఎవడో ఒకడు లేస్తాడు. తడబడొద్దు, మన పక్కవాడి మీద విరుచుకుపడొద్దు. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైంది, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరుగురి మాటగా వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది, అన్నదమ్ములు వాటా అడుగుకున్నంత మాత్రాన ఇల్లు దోచినవాడు న్యాయమూర్తి కాడు అని చెప్పండి. తెలియని సంగతి అడిగితే తెలియదనండి. తెలియదన్న నోటిని జనం నమ్ముతారు.

ఏడు. ఒంటరిగా పోకండి. నలుగురు కుర్రవాళ్లను, ఇద్దరు ఆడపడుచులను వెంట తీసుకుపొండి. మీ మాటలు ఒక కాగితం మీద అచ్చు వేసి చేతికి చేతికి ఇవ్వండి. అధ్యక్షుడు మైకు కోసినా కాగితం కొయ్యలేడు. లాహోరు పాఠం అదే.

ఎనిమిది. తిరిగొచ్చాక వాడలో కూర్చుని అక్కడ ఏం మాట్లాడారో చెప్పండి. ఇది అన్నిటికన్నా పెద్ద నియమం. వేదిక మీద అన్న మాట వాడలో అనగలగాలి. వాడలో అన్న మాట వేదిక మీద అనగలగాలి. అక్కడ 'కులం పోయిందండీ' అని, ఇక్కడికొచ్చి 'కులం చంపుతున్నదిరా' అనేవాడు రెండు చోట్లా అబద్ధాలకోరే. హైదరాబాదు ఏసీ హాల్లో పలికిన ప్రతి మాటా మాదిగపల్లె రచ్చబండ దగ్గర నిలబడి మళ్లీ పలకగలవా? పలకగలిగితే నువ్వు మా రచయితవు. పలకలేకపోతే ఆ శాలువాలు, ఆ చప్పట్లు నీకే ఉంచుకో.

సంఘాల పెద్దలకు ఒక మాట. ప్రతి మండలంలో నెలకొక సాయంత్రం కుర్రవాళ్లను లేపి అయిదేసి నిమిషాలు మాట్లాడించండి. వేదిక మీద అయిదుగురికి మించి కుర్చీలు వేయొద్దు. దండలు మానేసి ఆ డబ్బుతో పుస్తకాలు కొనండి. మొదట ఆడవాళ్లతో మాట్లాడించండి. సభ అన్న వేళకు మొదలుపెట్టి, కూలికి పోయే మనిషి నిద్రకు అడ్డం రాకుండా ముగించండి. మన పందిట్లో మాట నేర్చినవాడు ఏ పందిట్లోనూ బెదరడు.

మిత్రులారా, మాట్లాడొద్దని మన పెద్దల నోరు మూయించారు. ఆ తరవాత, మాట్లాడితే వినం అని చెవులు మూసుకున్నారు. ఇప్పుడు, మాట్లాడు కానీ మాకు నచ్చేటట్టు మాట్లాడు అంటున్నారు. మూడూ ఒకటే. మనం వేదిక ఎక్కేది వాళ్ల చేత శభాష్ అనిపించుకోవడానికి కాదు. జవాబు అడగడానికి. ముందు వరస చప్పట్లు కొట్టకపోయినా కొంప మునగదు. వెనక గోడకు ఆనుకున్న మనిషి 'అవును, ఇదే నిజం' అని తల ఊపితే సభ గెలిచినట్టు.

మైకు అందుకోండి. గొంతు సవరించుకోండి. యాస అట్లాగే ఉంచండి.

జై భీమ్!